ముక్కులోకి దూరిన పాము: సైలోసైబిన్ అనుభవం తర్వాత ఒక కేస్ స్టడీ

ఆయన నా దగ్గరికి వచ్చింది నిద్ర పట్టడం లేదని. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. పక్కకి తిరిగితే కాసేపు కునుకు పడుతుంది, అంతలో కల. కలలో పాము. కాటు వేయదు, బుస కొట్టదు, నెమ్మదిగా ముక్కులోకి దూరుతుంది. గొంతు దాకా రాగానే ఉలిక్కిపడి లేస్తారు. లేచాక కూడా గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉంటుంది. ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోపీ చేసి, లోపల ఏమీ లేదని చెప్పి పంపించారు.

నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సొంతూరు కృష్ణా జిల్లాలో. చాలా ఏళ్లుగా అమెరికా పశ్చిమ తీరంలో ఉంటున్నారు, అక్కడి పౌరసత్వం ఉంది. తండ్రి సంవత్సరీకానికి వచ్చి, సెలవు పొడిగించుకుని కొన్ని నెలలు ఇక్కడే ఉండిపోయారు. మొదటిరోజు ఇక లేద్దామనుకునే సమయానికి గానీ అసలు విషయం బయటపెట్టలేదు. ఆ పాము మొదట కనిపించింది కలలో కాదట. ఆరెగాన్‌లో సైలోసైబిన్ అనే, లేనివి కనిపించేలా చేసే పదార్థం తీసుకున్న రోజున కనిపించిందట.

గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను. రాసింది ఆయనా, ఆయన అన్నగారూ చదివి, సరేనన్న తర్వాతే ఇక్కడ పెడుతున్నాను.

ఆ పదార్థం, ఆ చట్టం

సైలోసైబిన్ కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉంటుంది. మెక్సికోలోని మజటెక్ జనం వైద్యం కోసం రాత్రిపూట చేసే క్రతువుల్లో ఆ పుట్టగొడుగులను వాడుకుంటూ వచ్చారు. వారిలో మరియా సబీనా అనే వైద్యురాలి క్రతువు గురించి 1957లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం వచ్చాక బయటి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఆ పదార్థాన్ని విడిగా తీశారు. ఎల్ఎస్‌డీని అనే, ఇలాగే మనసు మీద పనిచేసే మందును కనిపెట్టిందీ ఈయనే. శరీరంలోకి వెళ్లాక సైలోసైబిన్ కాస్తా సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక రకం రిసెప్టర్ల మీద పనిచేస్తుంది. ప్రభావం సుమారు ఆరు గంటలు ఉంటుంది.

ఆరెగాన్ ఓటర్లు 2020లో దీనికి ఒప్పుకున్నారు. 2023 నుంచి అక్కడ లైసెన్సు ఉన్న కేంద్రాల్లో, శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ పక్కన ఉండగా తీసుకోవచ్చు. అయితే అది ఆ రాష్ట్రపు చట్టం మాత్రమే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇప్పటికీ నేరమే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు కోసం చూస్తున్నవాళ్లు 'అక్కడ లీగలే కదా' అనుకుంటే ఇమ్మిగ్రేషన్ దగ్గర చిక్కుల్లో పడతారు. మన దేశంలో మాదకద్రవ్యాల మీద 1985లో చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద పూర్తిగా నిషేధం. నేను ఎవరికీ ఇవ్వను, ఎక్కడ దొరుకుతుందో చెప్పను. అనుభవం అయిపోయాక తట్టుకోలేక వచ్చినవాళ్లతో కూర్చుంటాను. నా పని అంతవరకే.

ఆ రోజు

తండ్రికి పక్షవాతం వచ్చి, కొన్ని నెలలు మంచంలో ఉండి పోయారు. ఈయన కర్మకాండకు వచ్చి, అన్నీ పద్ధతిగా జరిపించి వెళ్లారు. ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఆఫీసు పని, పిల్లల చదువు అన్నీ మామూలుగా నడుస్తున్నా, లోపల ఏదో గడ్డకట్టినట్టు ఉండేదట. ఒక స్నేహితుడు చెబితే ఆరెగాన్ వెళ్లారు.

మొదటి గంట రంగులు, ముగ్గులు, చిన్నప్పటి వీధి. ఆ తర్వాత పాము. అప్పటి వర్ణన ఆయన మాటల్లోనే రాసుకున్నాను: "నల్లది కాదండీ. పడగ లేదు. తెల్లగా, అద్దంలా ఉంది. దాని లోపల ఏదో పారుతున్నట్టు కనిపిస్తోంది. చల్లగా ముక్కులోకి వచ్చేసింది. తల కొండంత బరువైపోయింది. చేతులు లేపుదామంటే లేవవు." గట్టిగా అరిచారు. ఫెసిలిటేటర్ లేపి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఊపిరి తీసుకోమని చెబుతూ ఉండిపోయారు. మెల్లగా తగ్గింది. తర్వాత ఒకసారి ఆన్‌లైన్‌లో మాట్లాడారు. ఆ ఫెసిలిటేటర్ పాముకు ఏ అర్థమూ చెప్పలేదు. అది మంచి పనే.

చెప్పినవాళ్లు వేరే ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన కుండలిని లేచిందన్నారు, అదృష్టవంతుడివన్నారు. యూట్యూబ్‌లో విన్న ఇంకో ఆయన పాము అంటే పాత చర్మం వదిలి కొత్త మనిషి అవడం అని చెప్పారు. అమ్మకి కల సంగతి మాత్రం తెలుసు, మందు సంగతి తెలియదు. ఆమె వెంటనే సర్పదోషం అని తేల్చేశారు, కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలని పట్టుబట్టారు. ఆ పాము ఎలా ఉందో, చేతులు ఎందుకు లేవలేదో ఈ ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

కథల కంటే ముందు

ఇలాంటి కేసులో నేను మొదట పురాణాల జోలికి పోను, ప్రతీకల జోలికీ పోను. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా గానీ బైపోలార్ గానీ ఉందా? నిద్ర పట్టక నీరసపడుతున్నారా, లేక నిద్ర లేకపోయినా ఒంట్లో కరెంటు ఉన్నట్టు తిరుగుతున్నారా? గొంతులు వినిపిస్తున్నాయా? చచ్చిపోవాలనిపిస్తోందా? ఏ మందులు వాడుతున్నారు? ముఖ్యంగా బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు సైలోసైబిన్‌తో మూర్ఛలు వచ్చిన కేసులు నమోదయ్యాయి.

ఈయన ఒక మాట అన్నారు: "పాము లేదని నాకు తెలుసు మేడమ్. ఉన్నట్టు అనిపించడం ఆగట్లేదు." ఈ తేడా తెలుస్తున్నంతవరకు మాటలతో పనిచేయొచ్చు. అయినా నాతో పనిచేసే సైకియాట్రిస్టుకు కూడా చూపించాను. కొద్దిరోజులు నిద్రకు మందు ఇచ్చారు, సైకోసిస్, అంటే నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితి, దాని లక్షణాలు లేవన్నారు. దీనికి భిన్నంగా, 'దేవుడు నన్ను ఎంచుకున్నాడు, నిద్రతో పనిలేదు, ఉద్యోగం మానేస్తున్నాను' అనే మనిషి ఎదురుగా ఉంటే అక్కడ ప్రతీకల గురించి మాట్లాడుతూ కూర్చోవడం ప్రమాదం. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎవరికి చెప్పాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

"నేను చూసింది నిజమా, భ్రమా?" అని మొదట్లో పదేపదే అడిగేవారు. పోతన గారి యశోద గురించి చెప్పాను. పిల్లవాడి నోట్లో బ్రహ్మాండమంతా కనిపించినప్పుడు ఆమె కూడా ఇదే అడుగుతుంది. కలా ఇది, విష్ణుమాయా, నిజమా, అసలు నేను యశోదనేనా అని. జవాబు దొరక్కుండానే మళ్లీ కొడుకును ఒడిలోకి తీసుకుంటుంది. విశ్వరూపం చూసిన అర్జునుడైతే భయంతో వణికిపోయి, మళ్లీ నీ మామూలు రూపంలో కనబడు స్వామీ అని వేడుకుంటాడు. ఇలాంటి చూపు చూసి కంగారుపడిన మొదటి మనిషి తాను కాదని తెలియడం ఆయనకు ఊరటనిచ్చింది. ఆ దశలో కథల నుంచి నేను ఆశించింది ఆ ఊరట మాత్రమే.

పాము అనే మాట లేకుండా

ఆయన్ని ఒక పని చేయమన్నాను. పాము అనే మాట వాడకుండా అప్పుడు కనిపించిన దాన్ని వర్ణించమన్నాను. కాగితం మీద గీయమన్నాను కూడా. స్విస్ మనోవైద్యుడు యూంగ్ కలల పద్ధతిలో పురాణాలతో పోల్చి చూడటం ఉంది. అయితే అంతకంటే ముందు కల కన్న మనిషికి ఆ బొమ్మతో ఏం గుర్తొస్తుందో అడగాలి. ఈ వరస తప్పితే సర్పం అనగానే మన నెత్తిన నాగులచవితి, కుండలిని, వాసుకి, శేషుడు వరసకట్టి కూర్చుంటారు. ఆ మనిషి ఎక్కడికో పోతాడు.

ఆయన గీసిన దానికి తల లేదు, తోక లేదు. సన్నటి రెండు గీతల మధ్య చుక్కలు చుక్కలుగా పారే ద్రవం. "తెల్లగా, మెత్తగా, చల్లగా... లోపల గోధుమరంగుది పోతోంది..." అంటూ ఆగిపోయారు. చాలాసేపు కాగితం వంకే చూశారు. "ఇది నాన్న పైపండీ."

ఆసుపత్రివాళ్లు రైల్స్ ట్యూబ్ అంటారు, ఇళ్లల్లో ముక్కు పైపు అంటారు. పక్షవాతంతో మింగడం పోతే అన్నం, మందులు ముక్కు గుండా కడుపులోకి పంపే గొట్టం. అది వేసిన రోజు ఈయన అమెరికా నుంచి వీడియో కాల్‌లో చూశారు. పెద్దాయన ఆ పైపును రెండుసార్లు పీకేశారు. అందుకని చేతులను గాజుగుడ్డతో మంచం కమ్మీకి కట్టారు. ఫోన్‌లో ఆ ముడి కనిపించింది. ఆరెగాన్‌లో ఈయన చేతులు లేవకపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటికి అర్థమైంది.

స్టానిస్లావ్ గ్రోఫ్ అనే సైకియాట్రిస్టు ప్రేగ్‌లో ఎల్ఎస్‌డీ మీద పనిచేస్తున్న కాలంలో గమనించిన విషయం ఒకటుంది. ఒకే రకమైన ఒంటి బాధ చుట్టూ, వేర్వేరు వయసుల జ్ఞాపకాలు పొరలుపొరలుగా పేరుకుని ఉంటాయని ఆయన రాశారు. ఇక్కడా అలాగే ఇంకో పొర బయటపడింది. చిన్నప్పుడు ఈయన కాలువలో మునిగిపోతుంటే అన్నయ్య దూకి లాగాడు. ముక్కునిండా నీళ్లు. అన్నయ్య భుజాన వేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది. ఆ అన్నయ్యతో ఇప్పుడు మాటల్లేవు.

ఎందుకు లేవో రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. తండ్రిని ఇంట్లోనే ఉంచుకుందామని అన్నగారు. ఐసీయూలో పెట్టాల్సిందేనని, పైపు వేయించాల్సిందేనని ఈయన. డబ్బు పంపేది ఈయన కాబట్టి ఈయన మాటే నెగ్గింది. "ఆ పైపు వేయించింది నేనే మేడమ్. నాన్న చేతులు కట్టించింది నేనే." మింగలేని మనిషికి ఆ పైపు అవసరమే కావచ్చు. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోకుండా అలా చేస్తారు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. వెంటనే 'మీ తప్పేం లేదు' అని మూత పెట్టేస్తే, ఇన్నాళ్లకు పైకి వచ్చింది మళ్లీ కిందికి పోతుంది. వైద్యపరమైన సంగతులు తర్వాత మరో రోజు వివరంగా మాట్లాడుకున్నాం.

రాయి కల

పైపు సంగతి తెలిశాక పాము కల పలచబడింది, పూర్తిగా పోలేదు. ఇంకో కల వచ్చింది. ఇంటి పెరట్లో ఒక రాయి. ఈయన దాని మీద మెరిసేవేవో వరసగా పేరుస్తారు. వెనక్కి తిరిగేసరికి ఎవరో బిందెడు నీళ్లు గుమ్మరించి అన్నీ కొట్టుకుపోయేలా చేస్తారు. మళ్లీ పేరుస్తారు. మళ్లీ నీళ్లు. విపరీతమైన కోపంతో మెలకువ వచ్చిందట.

వింటుండగానే నాకు కాళహస్తి స్థలపురాణం గుర్తొచ్చింది. పైగా అక్కడిది వాయులింగం, ఈయన బాధ ఊపిరి గురించి. చెప్పలేదు. నేను చెబితే ఆయన మంచి విద్యార్థిలా ఒప్పేసుకుంటారు. అప్పుడది నా అర్థం అవుతుంది. వాట్సాప్ గ్రూపు ఆయన చేసిన పనే నేనూ చేసినట్టు.

అదే వారం అడిగారు: "అమ్మ టికెట్ కూడా తీసేసింది. రాహుకేతు పూజకు వెళ్లమంటారా? ఇదంతా మూఢనమ్మకం కదా?" వెళ్లి రండి, అమ్మ కోసం వెళ్లండి అన్నాను. దోషం ఉందా లేదా అన్నది నేను తేల్చే విషయం కాదు. మన జనం కలను ఎక్కడికి మోసుకుపోతారో తెలుసుకోకుండా ఈ పని చేయలేం. కలని గుడికి తీసుకెళ్లడం మనకు కొత్త కాదు.

కారులో దారి పొడుగునా అమ్మ కథ చెప్పిందట. పాము రోజూ మాణిక్యాలు తెచ్చి లింగానికి అలంకరిస్తుంది. ఏనుగు వచ్చి, ఈ రాళ్లేమిటని తోసేసి, స్వర్ణముఖి నుంచి తొండంతో నీళ్లు తెచ్చి కడిగి, మారేడు దళాలు పెడుతుంది. పాము తిరిగొచ్చి, నా స్వామి మీద ఈ ఆకులేమిటని తోసేస్తుంది. ఎవరి పూజ వాళ్లదే. ఎవరికి వాళ్లు అవతలివాళ్లు అపచారం చేస్తున్నారనే అనుకుంటారు. ఒకరోజు పాము ఆకుల మాటున దాగి, ఏనుగు తొండంలోకి దూరిపోతుంది. ఊపిరాడక ఏనుగు తలను రాతికేసి కొట్టుకుంటుంది. రెండూ ప్రాణాలు వదులుతాయి. శివుడు ఇద్దరినీ తనలో కలుపుకుంటాడు.

పూజలో మినుములు, ఉలవలు ముందు పెట్టుకుని కూర్చున్నంతసేపూ తనకి మంత్రాలు వినిపించలేదన్నారు. తిరిగొచ్చాక నా ఎదురుగా కూర్చుని మొదట అన్న మాట: "ఇన్నాళ్లూ పాము నాలోకి దూరిందనుకున్నాను. పాము నేనే కదండీ."

ఆ రోజు చాలా మాట్లాడారు. తాను పంపిన ఆసుపత్రి మంచం రాగానే నాన్న ఎప్పటి నుంచో పడుకునే నవారు మంచాన్ని వరండాలోకి నెట్టించారు, అదీ ఫోన్‌లోనే. తాను పెట్టిన నర్సును అన్నయ్య మాన్పించేశాడు, నాన్నకి ఒళ్లు తుడిచేది నేనే అన్నాడు. అప్పట్లో ఈయనకు అది పొగరుగా కనిపించింది. ఆ ఇంట్లో మాణిక్యాలూ పడ్డాయి, మారేడు దళాలూ పడ్డాయి.

అయితే ఆ బొమ్మను ఒక్క అర్థానికి కట్టేయకుండా జాగ్రత్తపడ్డాను. ఆరెగాన్‌లో ఊపిరాడనిది ఈయనకే, అక్కడ ఈయన తండ్రి స్థానంలో ఉన్నారు. కొండంత బరువైన తల ఏనుగుది. కథ విన్నాక పాము తానే అయ్యారు. మూడూ నిజమే. కలలోనైనా, ఇలాంటి మందుల (సైకెడెలిక్) అనుభవంలోనైనా ఒకే మనిషి అన్ని పాత్రలూ వేస్తాడు. 'పాము అంటే ఇదీ' అని చెప్పే కలల పుస్తకాలు పనికిరానిది ఇందుకే.

అన్నగారు

యూంగ్ 1954లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో సైలోసైబిన్ లాగే పనిచేసే మెస్కలిన్ వంటి మందుల మీద అనుమానం వెలిబుచ్చారు. అచేతనం, అంటే మనకు తెలియకుండా మనసులో ఉండేదాని గురించి ఎంత ఎక్కువ తెలిస్తే నైతికంగా అంత బరువు నెత్తిన పడుతుంది, తెలిసిన ప్రతిదీ మన బాధ్యతగా మారుతుంది అన్నది ఆయన మాట సారాంశం. ఈ రంగంలో నేను చదివిన వాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. అనుభవం ఎంత అద్భుతంగా ఉందని నేను అడగను. దాని వల్ల మీ నెత్తిన ఏ పని పడింది అని అడుగుతాను.

ఈయనకు పడిన పని అన్నగారి దగ్గరికి వెళ్లడం. ఏం మాట్లాడాలో రిహార్సల్ చేద్దామా అన్నారు, వద్దన్నాను. వెళ్లారు. కాళహస్తి కథ చెప్పబోతే అన్నగారు మధ్యలోనే ఆపేశారట. "ఒరేయ్, కథలు నాకెందుకురా. రాత్రిళ్లు నాన్న నీ పేరు పెట్టి పిలిచేవాడు. నేను నువ్వే అని చెప్పి పలికేవాణ్ణి." ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. కాఫీ తాగి లేచి వచ్చేశారు.

అన్నగారికి కథ అక్కర్లేదు. అది తమ్ముడికి దారి చూపించింది, అక్కడితో దాని పని అయిపోయింది. తనకి అర్థమైన ప్రతీకను అవతలివాళ్ల చేత కూడా ఒప్పించాలనే ఆత్రం ఇలాంటి అనుభవాలు అయినవాళ్లలో తరచూ చూస్తాను. ఇంట్లోవాళ్లకు దానితో విసుగొస్తుంది. క్షమించమనడానికి పురాణం అవసరం లేదు. రెండోసారి వెళ్లినప్పుడు కథ ఎత్తకుండా, "మంచం బయట పెట్టించడం తప్పయింది అన్నయ్యా" అని మాత్రం అన్నారట.

ఇప్పటికి

పాము కల ఆగిపోయింది. నిద్రమందు సైకియాట్రిస్టు సలహాతో మానేశారు. జలుబు చేసిన రోజుల్లో వెల్లకిలా పడుకోవడానికి ఇప్పటికీ టెన్షన్ పడతారు, తల కింద ఎత్తు పెట్టుకుంటారు. ఏడుపు ఇంకా రాలేదు, రావాలని నేను పట్టుబట్టలేదు. అన్నదమ్ముల మధ్య ఇల్లు పంపకం విషయం అలాగే ఉంది. కొన్ని ఆదివారాలు వీడియో కాల్‌లో అన్నగారు ఫోన్ అమ్మ ముందు పెట్టి పక్కకు వెళ్లిపోతారు. కొన్ని ఆదివారాలు కూర్చుంటారు.

తిరిగి వెళ్లే ముందు, ఇంకోసారి సైలోసైబిన్ తీసుకుంటే మిగిలింది కూడా తేలుతుందా అని అడిగారు. మొదటిసారి చూపించిన పని సగంలో ఉండగా రెండోసారి చూడాల్సిందేమిటని అడిగాను. వాయిదా వేసుకున్నారు.

అంతకంటే ముఖ్యమైన పని ఒకటి చేశారు. అన్నదమ్ములిద్దరూ కలిసి అమ్మను అడిగారు, రేపు నీకు అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయమంటావని. నాన్నను ఇద్దరూ అడగలేదు. ఆమె తడుముకోకుండా చెప్పారట: "ముక్కులో పైపులు వద్దు. నా గదిలో నా మంచం మీదే." సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి ముందస్తు కోరిక పత్రానికి చట్టబద్ధత ఇచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. అమ్మ పత్రం నోటరీ దగ్గర పూర్తయింది. ఆమె చెప్పలేని స్థితి వస్తే నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లుగా అందులో ఇద్దరు కొడుకుల పేర్లూ రాయించారు.